ఆవిరి ఓడల కాలపు బ్రిటిష్ భూపటాలు: ప్రచురణకర్త, కొనుగోలుదారు, మౌనం

వ్యాససంగ్రహం

పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో ఆవిరి ఓడల వాణిజ్యం విస్తరించడంతో బ్రిటన్‌లో భూపటాల ముద్రణ పెద్ద వ్యాపారంగా ఎదిగింది. ఆ పటాలు చూపినవాటినీ విడిచిపెట్టినవాటినీ సామ్రాజ్య భావజాలంతో వివరించడం విమర్శలో స్థిరపడిన పద్ధతి. నావికాపటం, వాణిజ్య అట్లాసు, సామాన్య పాఠకుల పటం అనే మూడు రకాలను పక్కపక్కన ఉంచి, ఈ వివరణ ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పటాన్ని కొన్నది ఎవరు, అచ్చుపలక ఎన్ని అవసరాలకు పనికివచ్చింది, సమాచారం ఏ దస్త్రం నుంచి వచ్చింది అనే ప్రశ్నలు వేయకుండా పటంలోని మౌనానికి అర్థం చెప్పలేమన్నది ఇందలి ప్రతిపాదన. కోరమండల్ తీరం, ప్రత్యేకించి కాకినాడ–రంగూన్ మార్గం ఇందుకు ఉదాహరణ.

కీలకపదాలు: భూపట విమర్శ, ఆవిరి ఓడలు, నావికాపటాలు, బార్తొలొమ్యూ, హార్లీ, కోరమండల్ తీరం, వలసకూలీలు.

1. ఉపోద్ఘాతం

వలసపాలన కాలపు భూపటాలపై చర్చ తరచుగా ఒకే వాక్యంతో మొదలై, అదే వాక్యంతో ముగుస్తుంది: భూపటం అధికారానికి సాధనం. ఈ వాక్యంలో అసత్యం లేదు. అయితే ఏ పటానికైనా అతికే వాక్యం ఏ పటాన్నీ ప్రత్యేకంగా వివరించలేదు. లండన్‌లోనో ఎడింబరోలోనో అచ్చయిన పటాన్ని ముందుంచుకొన్న పరిశోధకుడికి, అది అధికారపు పటమని ముందే తెలిసి ఉంటే, చదవడానికి మిగిలేది స్వల్పం.

1869 నవంబరులో సూయజ్ కాలువ తెరుచుకొన్నాక లండన్ నుంచి బొంబాయికి సముద్రమార్గం సుమారు 10,700 నాటికల్ మైళ్ళ నుంచి 6,200 నాటికల్ మైళ్ళకు తగ్గింది. ఎర్రసముద్రపు గాలులు తెరచాప ఓడలకు అనుకూలం కావు కనుక ఈ లాభం ప్రధానంగా ఆవిరి ఓడలకే దక్కింది. తెరచాప ఓడ గాలిని అనుసరించి వంకర తిరుగుతుంది. ఆవిరి ఓడ బొగ్గు స్థావరం నుంచి బొగ్గు స్థావరానికి, ప్రకటించిన తేదీల ప్రకారం నడుస్తుంది. సముద్రంపై స్థిరమైన గీత గీయడం అప్పుడు అర్థవంతమైన పని అయింది. ఆ గీతను గీసి అమ్మినవారి వ్యాపారమే ఈ వ్యాసానికి విషయం.

2. హార్లీ సిద్ధాంతం: బలం, పరిమితి

భూపటాల చరిత్రలో మౌనం అనే భావనకు విమర్శపరమైన గౌరవం తెచ్చినవాడు జె. బి. హార్లీ. 1988లో వెలువడిన ‘సైలెన్సెస్ అండ్ సీక్రసీ’, 1989 నాటి ‘డీకన్‌స్ట్రక్టింగ్ ద మ్యాప్’ అనే వ్యాసాలు పటంలో కనిపించే దానితో సమానంగా కనిపించని దాన్ని కూడా చదవాలని నేర్పాయి. రాజ్యం బుద్ధిపూర్వకంగా దాచిన సమాచారాన్నీ, ఒక కాలపు ఆలోచనారీతి వల్ల ఎవరూ దాచకుండానే జారిపోయిన సమాచారాన్నీ ఆయన వేరుచేశాడు. తరువాత ఆయనను అనుసరించినవారు ఈ రెండింటినీ కలిపివేసిన సందర్భాలున్నాయిగాని, ఆ లోపం ఆయనది కాదు.

పరిమితి మరొక చోట ఉంది. 1988 నాటి వ్యాసం ఆధునిక యుగారంభపు ఐరోపాను గురించినది. రాజులు, వ్యాపార సంఘాలు సముద్రపటాలను తాళం వేసి దాచుకొన్న కాలమది. ఆవిరి ఓడల కాలపు బ్రిటన్ పరిస్థితి దాదాపు దీనికి వ్యతిరేకం. 1795లో అలెగ్జాండర్ డాల్రింపుల్ ఆధ్వర్యంలో ఏర్పడిన నౌకాదళ జలపట కార్యాలయం 1820ల నుంచి తన పటాలను బహిరంగంగా అమ్మింది. ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అధిపతిగా ఉన్న 1829–1855 మధ్యకాలంలో ఈ పటాలు వర్తకనౌకలకు విస్తారంగా అందాయి. దాచుకోవడం ద్వారా లాభం పొందిన రాజ్యానికీ, అమ్మడం ద్వారా లాభం పొందిన రాజ్యానికీ ఒకే సూత్రం వర్తిస్తుందని ముందుగానే అనుకోవడం సమంజసం కాదు.

మాథ్యూ ఎడ్నీ 1997లో ప్రచురించిన ‘మ్యాపింగ్ ఎన్ ఎంపైర్’ ఇక్కడ ఉపకరిస్తుంది. భారతదేశంలో సర్వే ఆదర్శానికీ ఆచరణకూ మధ్య ఎంత దూరం ఉండేదో, డబ్బు కొరత, అతుకుల పని పటాలను ఎలా మలిచాయో ఆ గ్రంథం చూపింది. అయితే దాని కాలపరిధి 1843తో ముగుస్తుంది. దాని దృష్టి నేలమీది సర్వేపై ఉంది. సముద్రమూ, ప్రచురణ విపణీ దాని పరిధికి వెలుపల ఉండిపోయాయి.

3. నావికాపటం: తప్పుకు మూల్యం ఉన్న చోట

నావికాపటాన్ని కొనేవాడు ఓడ నడిపేవాడు. ఆ పటంలో ఇసుకమేట ఒకటి తప్పిపోతే ఓడ నేలకెక్కుతుంది, సరుకు పోతుంది, మనుషులు పోతారు. ఈ ఒక్క కారణం పటంలోని వివరాల సాంద్రతను నిర్ణయిస్తుంది.

లండన్‌లో లారీ, నోరీ, ఇమ్రే కుటుంబాల ప్రైవేటు సంస్థలు వర్తకనౌకల కోసం అచ్చువేసిన పటాలు వెనుక అతికిన నీలిరంగు దళసరి కాగితం వల్ల ‘బ్లూబ్యాక్’ పటాలుగా పేరొందాయి. వీటి చరిత్రను సుసానా ఫిషర్ 2001 నాటి గ్రంథంలో సమగ్రంగా నమోదు చేసింది. ఈ సంస్థలు స్వయంగా సముద్రాన్ని కొలిచింది తక్కువ. నౌకాదళ సర్వేలనూ, ఈస్టిండియా కంపెనీ సర్వేలనూ, కెప్టెన్లు పంపిన దిద్దుబాట్లనూ సమకూర్చి, ఒక దీర్ఘప్రయాణానికి కావలసినదంతా కొద్ది పెద్ద కాగితాలపైకి తెచ్చాయి. విశాలమైన తీరపటం మూలల్లో రేవుల పటాలను చిన్న చట్రాల్లో ఇమిడ్చేవారు. కొద్ది పటాలతోనే పని జరగాలని కోరుకొన్న ఓడ యజమాని అవసరానికి తగిన రూపమది. ఆవిరి ఓడల కంపెనీలు పెరిగి, నౌకాదళ పటాలు చౌకగా అందేకొద్దీ ఈ సంస్థల విపణి కుంచించుకుపోయింది. 1904లో ఇవి ఇమ్రే, లారీ, నోరీ అండ్ విల్సన్ పేరుతో ఒక్కటయ్యాయి.

కోరమండల్ తీరం ఈ పటాలకు కఠినమైన పరీక్ష. గోదావరి తెచ్చి పోసే ఒండ్రు వల్ల తీరరేఖ నిలకడగా ఉండదు. ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపొందిన కోరంగి మేటలు వేసి క్షీణించగా, కాకినాడ పైకివచ్చింది. కాకినాడలోనూ బందరులోనూ పెద్ద ఓడలు తీరానికి కొన్ని మైళ్ళ దూరంలో లంగరు వేస్తే, సరుకునూ మనుషులనూ పడవల్లో చేర్చవలసి వచ్చేది. విశాఖపట్నంలో ఆధునిక ఓడరేవు 1933లో గాని ప్రారంభం కాలేదు. ఇట్టి తీరానికి నావికాపటం లోతు కొలతలను, దీపస్తంభాలను, లంగరు స్థలాలను, దూరం నుంచి గుర్తుపట్టదగిన కొండలను, గుడిగోపురాలను చూపక తప్పదు. లండన్‌లో అచ్చయిన ఇంకే రకపు పటంలోనూ ఈ తీరం ఇంత దగ్గరగా కనబడదు.

ఇక్కడ రాజ్యం సర్వం చూసే కన్ను అన్న ఊహకు ఒక ప్రతికూల సాక్ష్యం ఉంది. కంపెనీ పాలన ముగిశాక 1860ల తొలినాళ్ళలో ఇండియన్ నేవీని రద్దుచేశారు. దానితో భారత తీరాల సర్వే చాలావరకు కుంటుపడింది. కలకత్తా కేంద్రంగా మెరైన్ సర్వే శాఖ 1874లో గాని ఏర్పడలేదు. సూయజ్ కాలువ తెరుచుకొని ఓడల రద్దీ పెరిగిన సమయం సరిగ్గా ఈ విరామంలోనే పడింది. తన వాణిజ్యానికి అత్యవసరమైన జ్ఞానంపై ఖర్చు పెట్టడానికి ఆ ప్రభుత్వం వెనుకాడింది. క్లెమెంట్స్ మార్కమ్ భారత సర్వేల చరిత్ర రాస్తూ ఈ నిర్లక్ష్యాన్ని ఎత్తిచూపాడు. ఈ కాలపు పటంలో పాతబడిన లోతు కొలత కనిపిస్తే, దాని వెనుక భావజాలంకంటె ముందు వెదకవలసింది పొదుపును.

4. వాణిజ్య అట్లాసు: సుంకం లెక్కల ప్రపంచం

రెండవ రకం పటం కొనుగోలుదారు ఓడ ఎక్కడు. అతడు గుమాస్తా, బీమా వ్యాపారి, సరుకు దళారి, బడి ఉపాధ్యాయుడు. లివర్‌పూల్‌లో 1834లో జార్జ్ ఫిలిప్ స్థాపించిన సంస్థ, లండన్‌లో ఎడ్వర్డ్ స్టాన్‌ఫోర్డ్ 1853లో స్థాపించిన సంస్థ, ఎడింబరోలోని డబ్ల్యు. అండ్ ఎ. కె. జాన్‌స్టన్, జాన్ బార్తొలొమ్యూ సంస్థలు ఈ విపణిని పంచుకొన్నాయి. ప్రాథమిక విద్యను విస్తరించిన 1870 నాటి చట్టం బడి గోడలకు వేలాడే పటాల గిరాకీని పెంచింది. ఆ కొనుగోలుదారుడు అదనంగా చేరాక, పటం స్పష్టంగా, రంగులతో, చౌకగా ఉండవలసి వచ్చింది.

చౌకదనానికి మార్గం శిలాముద్రణ. రాగి పలకపై ఒకసారి శ్రమించి చెక్కిన మూలపటాన్ని రాతిపైకి దించుకొంటే, రంగులు మార్చి, శీర్షిక మార్చి, వేర్వేరు ప్రచురణకర్తలకు వేర్వేరు పటాలుగా అమ్మవచ్చు. బార్తొలొమ్యూ సంస్థ ఈ పద్ధతిలో ఇతరుల పేరున వెలువడిన అట్లాసులకు పనిచేసింది. 1893లో ఆర్చిబాల్డ్ కాన్‌స్టబుల్ ప్రచురించిన ‘హ్యాండ్ అట్లాస్ ఆఫ్ ఇండియా’ లోని 60 పటాలు జె. జి. బార్తొలొమ్యూ పర్యవేక్షణలో తయారైనవే. భారత ప్రభుత్వపు ‘ఇంపీరియల్ గెజిటీర్’ అట్లాసును రూపొందించినదీ ఈ సంస్థే. ప్రైవేటు ప్రచురణకర్తకూ ప్రభుత్వానికీ ఒకే కార్ఖానా పనిచేస్తున్నప్పుడు, ‘ప్రభుత్వ పటం’, ‘వ్యాపార పటం’ అనే విభజన అట్ట మీద ఉన్నంత స్పష్టంగా పలకమీద ఉండదు.

జార్జ్ న్యూన్స్ సంస్థ 1907లో వెలువరించిన బార్తొలొమ్యూ కృతి ‘అట్లాస్ ఆఫ్ ద వరల్డ్స్ కామర్స్’ ఈ రకానికి పరిణత రూపం. ఏ సరుకు ఎక్కడ పండుతుంది, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుంది, ఏ దేశపు ఎగుమతి దిగుమతులు ఎంత అనే విషయాలను అది పటాలతోనూ రేఖాచిత్రాలతోనూ చెబుతుంది. తాజా అధికారిక లెక్కల ఆధారంగా కూర్చినట్లు తన ఉపశీర్షికలోనే ప్రకటించుకొంది. విమర్శకుడు ఆగవలసింది ఈ ప్రకటన దగ్గర. అధికారిక వాణిజ్య లెక్క అంటే ప్రధానంగా సుంకం కట్టే చోట రాసుకొన్న లెక్క. సుంకపు దస్త్రంలో పత్తికి, నూనెగింజలకు, బియ్యానికి వరుసలున్నాయి. ఆ బస్తాలను పడవలోకి మోసినవాడికి అందులో వరుస లేదు. అట్లాసు అతణ్ణి తొలగించలేదు. అతడు లేని దస్త్రాన్ని ఎంచుకొంది. ఈ రెండూ వేర్వేరు చర్యలు. మొదటిది సెన్సారు, రెండవది సేకరణ పద్ధతి.

5. పత్రికలోని పటం, ప్రయాణకాలపు పటం

మూడవ రకం సామాన్య విద్యావంతుల కోసం. దీనికి రెండు ఉదాహరణలు చాలు.

ఫ్రాన్సిస్ గాల్టన్ 1881లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ద్వారా వెలువరించిన ప్రయాణకాల పటం లండన్ నుంచి ప్రపంచంలోని ప్రతి ప్రాంతాన్నీ చేరడానికి పట్టే రోజులను రంగుల పట్టీలుగా చూపింది. 10 రోజుల లోపు ఒక రంగు, 40 రోజులు దాటితే మరొక రంగు. ఆవిరి ఓడ సముద్రాన్ని కాలంగా మార్చిందన్న సంగతిని ఇంత సూటిగా చెప్పిన పటం అంతకు ముందు లేదు. అయితే దాని షరతులు చదవదగినవి. స్థానికంగా ఏర్పాట్లు ముందే జరిగి ఉండాలి, పరిస్థితులు అనుకూలించాలి, ప్రయాణ సాధనాలు అసమంజసమైన ఖర్చు లేకుండా దొరకాలి. ఎవరికి అసమంజసమైన ఖర్చు? డబ్బూ పరిచయాలూ ఉన్న లండన్ ప్రయాణికుడికి. ఆ పటంలోని దూరం భూమికి సంబంధించిన దూరం కాదు, ఒక వర్గపు ప్రయాణికుడికి సంబంధించిన దూరం. గాల్టన్ ఈ సంగతిని దాచలేదు, పటంపైనే అచ్చువేశాడు. 1914లో బార్తొలొమ్యూ ఆర్థిక భూగోళ అట్లాసులో ఇటువంటి పటాన్ని కొత్త లెక్కలతో మళ్ళీ గీసినప్పుడు రోజులు తగ్గాయి. కేంద్రం మాత్రం లండన్‌గానే ఉంది.

రెండవ ఉదాహరణ 1886 జులై 24న ‘ది గ్రాఫిక్’ పత్రిక అనుబంధంగా వెలువడిన సామ్రాజ్య సమాఖ్య పటం. మెర్కేటర్ ప్రక్షేపం, మధ్యలో గ్రీనిచ్ రేఖ, ఎర్రబారిన వలసదేశాలు, సముద్రాలపై వాణిజ్యమార్గాల గీతలు, అంచుల నిండా అలంకార చిత్రాలు ఉన్న ఈ పటం సామ్రాజ్య గర్వానికి చిహ్నంగా లెక్కలేనన్ని పుస్తకాల్లో పునర్ముద్రితమైంది. 2005లో పిప్పా బిల్ట్‌క్లిఫ్, 2010లో ఫెలిక్స్ డ్రైవర్ ప్రచురించిన వ్యాసాలు ఈ చదువును సంక్లిష్టం చేశాయి. ఆ అలంకారాలు గీసిన వాల్టర్ క్రేన్ సోషలిస్టు. బ్రిటానియా కూర్చున్న భూగోళాన్ని మోస్తున్న అట్లాసు నడుముపట్టీపై ఆయన రాసిన మాటకు ‘మానవ శ్రమ’ అని అర్థం. పటం గీతలు వాణిజ్యాన్ని చూపుతుంటే, అంచులోని బొమ్మ ఆ వాణిజ్యాన్ని మోస్తున్నది ఎవరో చెబుతోంది. ఒకే కాగితంపై రెండు వాదాలున్నాయి. శ్రమకు పటం లోపల చోటు దొరకలేదు, అలంకారంలో దొరికింది. సామ్రాజ్యం ఒక్క గొంతుతో మాట్లాడిందని నమ్మే విమర్శకు ఈ రెండవ గొంతు వినిపించదు.

6. గీయగలిగీ గీయనిది

మనుషుల రాకపోకలను గీయడం ఆనాడు సాధ్యమేనా అన్న ప్రశ్న ఇక్కడ తప్పదు. సాధ్యం కానిది లేకపోతే దాన్ని మౌనమనడం అన్యాయం.

సాధ్యమేనని చెప్పడానికి స్పష్టమైన ఆధారాలున్నాయి. ఐర్లండ్ రైలుమార్గాల విచారణ సంఘం కోసం హెన్రీ డ్రూరీ హార్నెస్ 1837లో తయారుచేసిన పటాల్లో ప్రయాణికుల సంఖ్యను బట్టి గీత వెడల్పు మారుతుంది. ఫ్రాన్స్‌లో చార్ల్స్ జోసెఫ్ మినార్ ఈ పద్ధతిని ప్రపంచపటానికి విస్తరించాడు. 1858 నాటి ప్రపంచ వలసలను చూపుతూ 1862లో ఆయన వెలువరించిన పటంలో ఐరోపా వలసదారులతోపాటు చైనా నుంచి, భారతదేశం నుంచి తరలిన కూలీలకు కూడా ప్రత్యేకమైన పట్టీలున్నాయి. సూయజ్ కాలువ తెరవడానికి ఏడేళ్ళ ముందే ఆవలి దేశపు ఇంజనీరు ఒకడు ఈ పని చేసి చూపాడు.

కొలమానం అడ్డన్న వాదన కూడా నిలవదు. 1:8,00,00,000 కొలమానంలో గీసిన ప్రపంచపటంపై అర మిల్లీమీటరు గీత సముద్రంపై 40 కిలోమీటర్ల వెడల్పు ఉన్నట్లు లెక్క. ఓడమార్గపు గీత ఎన్నడూ కొలమానానికి లోబడినది కాదు, అది సంకేతం. ఆ సంకేతానికి వెడల్పును, దిశను జోడించడానికి సాంకేతికమైన అడ్డంకి లేదు.

అయినా బ్రిటిష్ వ్యాపార ప్రచురణలో సన్నటి, సమానమైన గీతే ప్రమాణంగా నిలిచింది. ఇందుకు కారణం పలక ఆర్థికంలో ఉందని అనుమానించవచ్చు. మినార్ పటం ఒక సంవత్సరపు లెక్కకు కట్టుబడినది, మరుసటి ఏటికి పాతబడుతుంది. సన్నటి గీత ఏళ్ళ తరబడి చెల్లుతుంది. కొత్త రేవు చేరితే మరొక గీత చాలు. ఒకే పలకను పదిసార్లు అమ్మదలచిన ప్రచురణకర్తకు ఏ గీత లాభదాయకమో చెప్పనక్కరలేదు. ఇది అనుమితి మాత్రమే. సంస్థల లెక్కల పుస్తకాలే దీన్ని రుజువు చేయాలి. కాని భావజాలం అన్న వివరణకు లేని ఒక గుణం ఈ అనుమితికి ఉంది. దీన్ని పరీక్షించి, తప్పైతే తోసిపుచ్చవచ్చు.

7. కాకినాడ–రంగూన్: గీతకు అందని దూరం

1856లో కలకత్తా–బర్మా మధ్య మొదలై, 1862లో పేరు మార్చుకొన్న బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు కోరమండల్ రేవులను రంగూన్‌తో కలిపాయి. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి తెలుగు కూలీలు వరికోతలకు, బియ్యపు మిల్లులకు, రేవు పనులకు డెక్కుపై ప్రయాణించి వెళ్ళేవారు. ఎన్నో ఏళ్ళ క్రితమే మేటవేసిన కోరంగి రేవు బర్మాలో వారి జాతిపేరుగా మిగిలింది. తెలుగువారిని అక్కడ కోరంగీలు అనేవారు. నావికాపటంలో ప్రాధాన్యం కోల్పోయిన ఊరు మనుషుల నోట బతికింది.

ప్రపంచపటంపై ఈ మార్గం పొడవు రెండు సెంటీమీటర్లు. ఆ గీత ఉన్నా, లేకపోయినా చెప్పలేనివి మూడున్నాయి. మొదటిది రుతువు: బర్మా కోతల కాలాన్ని బట్టి జనప్రవాహం పెరిగి తగ్గేది. రెండవది సంఖ్య. మూడవది అప్పు: కూలి మేస్త్రీ దగ్గర బయానా పుచ్చుకొని ఓడ ఎక్కేవాడు, అది తీరేదాకా అతడి పని అతడిది కాదు. గాల్టన్ పటంలో దూరానికి కొలత రోజులు. ఈ కూలికి ఇంటి నుంచి రంగూన్‌కు ఎంత దూరమో కాక, రంగూన్ నుంచి ఇంటికి ఎంత దూరమన్నదే ప్రశ్న. దానికి కొలత బయానా బాకీ. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె, దాని వెంట చెలరేగిన అల్లర్లు ఆ మార్గంలో ఎంతటి జనం, ఎంతటి ఉద్రిక్తత పోగుపడ్డాయో బయటపెట్టాయి. అప్పటికి దశాబ్దాలుగా పటాల్లో సముద్రం ప్రశాంతంగానే ఉంది.

వలసల లెక్కలు లేక కాదు ఈ స్థితి. రేవు అధికారుల నివేదికలలో, జనాభా లెక్కలలో అవి ఉన్నాయి. వాటిని పటంగా కొనేవాడు లండన్‌లో లేడు.

8. ఒక ఆక్షేపణ

విపణి కూడా సామ్రాజ్యంలో భాగమే కదా, కొనుగోలుదారుడి అభిరుచిని తీర్చిదిద్దింది సామ్రాజ్యమే కదా అని ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ సరైనదే. గుమాస్తాకు సుంకపు లెక్క కావలసిరావడం, బడిపిల్లవాడికి ఎర్రరంగు కావలసిరావడం అధికార నిర్మాణానికి వెలుపల జరిగినవి కావు. అయితే అంతిమ కారణాన్ని పేర్కొన్నంత మాత్రాన సమీప కారణాలు అనవసరం కావు. అంతిమ కారణం మూడు రకాల పటాలకూ ఒక్కటే. వాటిమధ్య తేడాలను వివరించేవి సమీప కారణాలే. ఒకే తీరం నావికాపటంలో వివరాలతో నిండిపోయి, అట్లాసులో సరుకుల పేర్లుగా మారి, పత్రికాపటంలో ఎర్రని అంచుగా మిగలడానికి కారణం ముగ్గురు వేర్వేరు కొనుగోలుదారులు.

9. ముగింపు

భూపటంలోని మౌనం ఒక్కటి కాదు. లెక్క లేక కలిగినది ఒకటి, లెక్క ఉండీ ఆ దస్త్రం తెరవక కలిగినది ఒకటి, తెరిచినా అమ్ముడుపోదని వదిలినది ఒకటి. వీటికి బాధ్యులు వేరు, ఆధారాలు దొరికే చోట్లు వేరు. ఈ భేదాన్ని పాటించే పరిశోధకుడు పటాన్ని చూడగానే దాని అంచున ఉన్న ముద్రాపకుడి పేరు, సంచిక సంవత్సరం, ఆధారంగా చెప్పుకొన్న లెక్కలను చదువుతాడు. అదే పలక మరే శీర్షికతో వెలువడిందో వెదుకుతాడు.

తెలుగు తీరపు చరిత్రకు ఈ పద్ధతి వల్ల ప్రత్యక్ష ప్రయోజనముంది. కళింగపట్నం, భీమునిపట్నం, కాకినాడ, బందరు రేవులను లండన్ అట్లాసులలో వెదికి, అవి చిన్న అక్షరాలలో ఉన్నాయనో అసలు లేవనో నిర్ధారించడం తొలిమెట్టు మాత్రమే. అదే దశాబ్దపు నావికాపటాన్ని, ఓడల మార్గదర్శక గ్రంథాన్ని, రేవు నివేదికను, బర్మా జనాభా లెక్కలను దాని పక్కన ఉంచినప్పుడు ఎవరి దస్త్రంలో ఎవరున్నారో తేలుతుంది. మినార్ 1862లో గీసిన రకపు పటం కాకినాడ–రంగూన్ మార్గానికి ఇప్పుడైనా గీయవచ్చు. దానికి కావలసిన అంకెలు ఆ నివేదికల్లో ఉన్నాయి.